టేక్‌కు ఇరవై ఆరు వాక్యాలు

1946లో అనకాపల్లి ఆడపిల్లల హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆ ఏడు ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి.కి, అంటే హైస్కూలు చివరి పరీక్షకు, వెళ్లినవాళ్లు తొమ్మిది మంది.

మా పిల్లలను బాగా తిప్పలు పెట్టిన క్రియ టేక్. మందు మింగడం, రైలెక్కడం, పరీక్ష రాయడం, ఫోటో తీయడం మనకు వేరువేరు మాటలు. ఇంగ్లీషులో అన్నిటికీ టేక్ సరిపోతుంది. నేను దానికి ఇరవై ఆరు వాడుకలు తేల్చి, ఒక్కోదానికి ఒక మోడల్ సెంటెన్స్, అంటే నమూనా వాక్యం, రాసి బట్టీ పట్టించాను. కామా కూడా మారకూడదు.

ఖైరున్నిసా రేకు సామాన్ల కొట్టు ఖాదర్ గారి కూతురు. పాసైతే విశాఖపట్నంలో టీచర్ ట్రైనింగుకు పంపుతానని, బంధువులు వద్దంటున్నా, ఆయన కూతురికి మాట ఇచ్చారు. ఒకరోజు ఆ పిల్ల తండ్రి కొట్టు గురించి టేక్‌తో సొంత వాక్యం రాసి తెచ్చింది. తప్పు లేదు. అయినా కొట్టేశాను.

"సొంతవి ఇంటి దగ్గర రాసుకో. పరీక్షలో నావే రాయి."

మార్చి పరీక్షలో టేక్‌ను ఐదు రకాలుగా వాడమన్నారు. తొమ్మిది మందీ నా మొదటి ఐదు వాక్యాలే రాశారు. జూన్‌లో తొమ్మిది నంబర్లకూ రిజల్ట్ విత్‌హెల్డ్ అని వచ్చింది. అంటే ఫలితం ఆపేశారు. కాపీ కొట్టారని అనుమానం.

తప్పు నాదని, నా నోటు పుస్తకం జతచేసి పరీక్షల ఆఫీసుకు రాశాను. మొత్తం మూడు ఉత్తరాలు. ఖాదర్ గారింటికీ వెళ్లి చెప్పాను.

"మీ మాట నేను నమ్ముతాను పంతులమ్మగారూ. బజారు నమ్మద్దా? కాపీ కొట్టిన పిల్లకి ట్రైనింగేటని మా బావే అడుగుతన్నాడు. ఇంక సాలండి," అన్నారాయన.

1947 జనవరిలో జవాబు వచ్చింది. తొమ్మిది మందీ పాసు. ట్రైనింగు క్లాసులు మొదలై అప్పటికి ఆరు నెలలు. మరుసటి ఏటికి అప్లికేషను తీసుకెళ్తే ఖాదర్ గారు దాన్ని ముట్టుకోలేదు. ఖైరున్నిసా ఆఫీసు కాగితం రెండుసార్లు చదివి నాకు తిరిగి ఇచ్చేసింది.

"ఈళ్లు పాసు సేసింది నన్నా, మిమ్మల్నా టీచరుగారూ?"

ఆ కాగితం మడిచి పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

తరువాత ఉద్యోగంలో ఉన్న పద్దెనిమిదేళ్లూ ఏ పిల్లకూ వాక్యం రాసి ఇవ్వలేదు. మార్కులు తగ్గాయి, పైవాళ్ల చీవాట్లూ తిన్నాను. తప్పులున్నా సొంత వాక్యమైతే, ఇది నాదేనని పిల్ల నలుగురిలో చెప్పుకోగలదు. ఖైరున్నిసాకు ఆ ఒక్క మాట చెప్పుకునే వీలు కూడా నేను మిగల్చలేదు.