మా ఓనరు మామ ముట్టుకోని కుక్కలు

పోయిన గురువారం పొద్దున ఆఫీసుకు పోతూ వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా కింది ఇంటి అత్త ఫోన్ చేసింది. "పాపా, మీ మామ లేస్తా లేడమ్మా. పిలుస్తా ఉండా, పలకల్యా" అంది. క్యాబ్ దిగి ఆటో పట్టుకుని ఇంటికి చేరేసరికి ఆయన్ను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మామ అంటున్నాను గానీ ఆయన మాకు చుట్టం కాదు. మేము పైన అద్దెకుంటున్న ఇంటికి ఓనరు. వాళ్ల నాయన కాలంలో హిందూపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మేము కడప నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన రోజు "ముందు కాఫీ తాగండప్పా, ఇల్లు యాడికీ పోదు" అన్న మనిషి. ఆయన గురించి రాయాలంటే కుక్కల గురించే రాయాలి. ఇంకోలా రాయడం నాకు చేతకాదు.

మామ మంచి మాటకారి. సాయంత్రమైతే గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ ఆపి, తెలుగువాళ్లతో తెలుగులో, కన్నడిగులతో కన్నడంలో లోకాభిరామాయణం నడిపేవాడు. కాళ్ల దగ్గర రాణి ఉండేది. రాణి ఆయన పెంచుకున్న ఆడకుక్క, ఇంకా ఏడాది నిండలేదు. టీలో ముంచిన రస్కు సగం తాను తిని సగం దాని నోట్లో పెట్టేవాడు. "మీ ఇద్దరికీ ఒకే మూతి" అని అత్త తిట్టేది. మా మేడ మీదికి టింకు అనే కుక్కపిల్ల వచ్చాక ఆ రస్కులో వాడికీ వాటా దొరికింది. మామ చెప్పుల చప్పుడు వింటే చాలు, టింకు మెట్ల మీద ఆగేవాడు కాదు.

అట్లా ఉండగా రాణికి పార్వో అనే అంటురోగం వచ్చింది. మొదట వాంతులు, తర్వాత నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మరచిపోలేరు. "సూది ఏయించినాం గదా సార్" అని మామ కుక్కల డాక్టరుతో వాదించాడు. వేయించింది రేబిస్ సూది. కుక్కకు సూది అంటే అదొక్కటేనని మా వీధిలో అందరూ అనుకునేదే ఆయనా అనుకున్నాడు. పార్వోకు వేరే టీకా ఉంటుందని, పిల్లగా ఉన్నప్పుడే కొన్ని వారాల ఎడంతో వరుసగా వేయించాలని, మధ్యలో ఆపితే తలుపు సగం మూసి పడుకున్నట్టేనని డాక్టరు వివరించేసరికి రాణి చెయ్యి దాటిపోయింది.

ఆ తర్వాత జరిగింది రాయడానికే నాకు కష్టంగా ఉంది.

పోయినవాళ్ల గుడ్డలు ఇంట్లో ఉంచుకోకూడదని, లేనివాళ్లకు ఇస్తే పోయినవాళ్లకు చేరతాయని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది కదా. మామకు రాణి మనిషితో సమానం. అది పడుకునే బొంత అత్త పాత చీరలతో కుట్టింది, మెత్తగా ఉండేది. వీధి చివర కట్టడం ఆగిపోయిన ఇంట్లో ఒక వీధికుక్క ఈని ఉంది. చలికాలం, పైగా ముసురు. మామ తలస్నానం చేసి, ఆ బొంత మడిచి చంకన పెట్టుకుని, రాణి గిన్నె నిండా పాలు పోసుకుని వెళ్లాడు. బొంత పిల్లల కింద పరిచి, పాల గిన్నె పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. మేము మేడ మీంచి చూశాం. ఎంత మంచి మనిషి అనుకున్నాం. ఇప్పటికీ అదే అనుకుంటాను.

కొద్దిరోజుల్లోనే ఆ పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఒక్కటీ మిగల్లేదు. మామ డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. ఈయన చేసిన పని తెలియని డాక్టరు, అందరికీ చెప్పినట్టే చెప్పాడట. రోగం వచ్చిన కుక్క పక్కబట్టలు, గిన్నెలు ఇంకో కుక్క దగ్గరికి పోనివ్వకండి, ఆ క్రిమి గుడ్డల్లో, మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, ఫినాయిల్‌కు చావదు అని. మామ ఇంటికి వచ్చి మా మెట్ల మొదట్లో కూలబడ్డాడు. పైకి రమ్మంటే రాలేదు.

"నేనే సంపినా పాపా."

"మీకు తెలీదు కదా మామా. చలికి వణుకుతున్నాయని పెట్టారు."

"తెలీక పెట్టినా ఇసం ఇసమే గదా. ఆ తల్లికుక్క నా చెయ్యి నాకింది పాపా. ఆ చేత్తోనే పరిచినా."

ఆ చెయ్యిని ఆయన లుంగీకి రుద్దుకుంటూనే ఉన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన వేరే మనిషి. కుర్చీ లోపలికి పోయింది. తెల్లారితే బ్లీచింగ్ పౌడరు నీళ్లు, చీపురు. ముందు సబ్బుతో నేల కడగడం, తర్వాత డాక్టరు చెప్పిన పాళ్లలో కలిపిన బ్లీచింగ్ నీళ్లు పోసి కాసేపు వదిలేయడం. "మురికి మీద పోస్తే మందుకు కండ్లు కనపడవప్పా" అని అందరికీ చెప్పేవాడు. వాకిట్లో అత్త ముగ్గు నిలిచేది కాదు. కరివేపాకు చెట్టు కూడా మాడి చచ్చింది. "కుక్క పోయిందని ఏడిస్తే అర్థముండాది. రసంలోకి ఆకు లేకుండా చేసినాడు" అని అత్త గొణిగేది. పాలబ్బాయిని, గ్యాసు మనిషిని, చివరికి సొంత బావమరిదిని కూడా గేటు బయటే చెప్పులు విప్పించాడు. బావమరిదికి కోపం వచ్చి కాఫీ తాగకుండానే హొసకోటెకు వెళ్లిపోయాడు. మామ పిలవలేదు.

టింకుకు అప్పటికి రెండు సూదులు పడ్డాయి, ఆఖరుది పడాల్సి ఉంది. "ఆ సూది పడేదాకా వాణ్ణి నేల మీద దించొద్దు పాపా. ఎత్తుకుని పో, ఎత్తుకుని రా" అని కింద నిలబడి చెప్పాడు. తాను మెట్లెక్కడం పూర్తిగా మానేశాడు. ఆయన వాకిట్లోకి వస్తే టింకు బాల్కనీ గ్రిల్లులో మూతి పెట్టి ఒకటే ఏడుపు. మామ తల ఎత్తేవాడు కాదు. చీపురు గబగబా ఊడ్చి లోపలికి పోయేవాడు. చూడలేక నేను బాల్కనీ తలుపు వేసేదాన్ని.

అయినా వచ్చింది. మా చెప్పులకు అంటుకుని వచ్చిందో, ఎలా వచ్చిందో. టింకు ఒక పొద్దున నీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు. పరీక్ష చేసి డాక్టరు పార్వో అన్నాడు. రెండు సూదులు పడ్డాయి కాబట్టి ఒంట్లో ఎంతో కొంత బలం ఉంటుంది, నమ్మకంగా మాత్రం చెప్పలేను అన్నాడు. నాకు మామ మీద కోపం రాలేదంటే అబద్ధం. ఎవరి మీదో ఒకరి మీద రాకుంటే మనిషి నిలబడలేడు.

రోజూ సెలైన్ ఎక్కించడానికి తీసుకుపోయేవాళ్లం. మామ మా కారెక్కడు. తన స్కూటర్ మీద వెనకాలే వచ్చి, ఆసుపత్రికి రోడ్డు అవతల నిలబడేవాడు. లోపలికి రాడు, దగ్గరికి రాడు. నేను గడప దగ్గరికి రాగానే అవతల నుంచి ఫోన్ చేసేవాడు. మధ్యలో లారీలు, బస్సులు. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం.

"తాగినాడా?"

"లేదు మామా."

"తోక?"

"ఊపలేదు."

"కండ్లు తెరుస్తా ఉండాడా?"

"పిలిస్తే తెరుస్తున్నాడు."

"పిలుస్తానే ఉండు పాపా. సల్ప గట్టిగా పిలువు. నా పేరు మాత్రం చెప్పొద్దు, లేచి వస్తాడు."

ఆ మాటకు నాకు రోడ్డు మీదే ఏడుపొచ్చింది. అవతల ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

టింకు బతికాడు. ఒక సాయంత్రం లేచి కాసింత గంజి నాకాడు. పరుగెత్తుకొచ్చి చెబితే మామ గేటు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత జాగ్రత్తలు మొదలుపెట్టాడు. బతికిన కుక్క కూడా కొన్ని వారాలు రోగాన్ని విడుస్తూనే ఉంటుందట, బయటికి తీసుకుపోవద్దు. వాడు దొడ్డికి కూర్చున్న చోట వెంటనే కడుగు. ఇంట్లో వేసుకునే చెప్పులు వేరే పెట్టుకో. ఉతకలేనిది కాల్చెయ్. "ఒక్క గుడ్డ కూడా ఎవురికీ దానం ఇయ్యొద్దు పాపా" అన్నాడు. మా సోఫా దిండ్లు ఆయన కళ్ల ముందే కాల్చాం.

వీధికుక్కలకు సూదులు వేయించాలని పట్టుబట్టిందీ ఆయనే. డాక్టరును బతిమాలి ఆదివారం రప్పించాడు. వీధిలో ఆడవాళ్లం బన్నులు చూపించి ఒక్కో కుక్కను పట్టుకున్నాం. "ఆ నల్లది జారిపోతాంది, సెవి ఎనక గోకండి, నిలబడతాది" అని గేటు లోపల నుంచే అరిచి చెప్పేవాడు. ఏ కుక్కకు ఎక్కడ గోకితే ఇష్టమో చూసే కనిపెట్టేవాడు. ఒక్కదాన్ని కూడా తాను గోకలేదు. పిల్లలు పుట్టినప్పుడల్లా మళ్లీ ఫోన్, మళ్లీ డాక్టరు, వరుస తప్పకుండా అన్ని సూదులూ.

ఏడాది దాటింది. వాకిలి ఎండకు ఎండి, వానకు తడిసి, వందసార్లు కడిగించుకుంది. డాక్టరు స్వయంగా ఇంటికి వచ్చి చూసి, "ఇంక ఏమీ లేదు, సూదులన్నీ పడిన కుక్కల్ని నిశ్చింతగా ముట్టుకోండి, కావాలంటే ఒక పిల్లను తెచ్చుకోండి" అన్నాడు.

"మీరు చెప్పేది నిజమే సార్. నా చేతులే ఒప్పుకోవు" అన్నాడు మామ.

టింకు పెద్దవాడయ్యాడు. కొన్నాళ్లు మామ వెంట పడ్డాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని తప్పుకునేవాడు. కుక్కకైనా ఎన్నిసార్లని. చివరికి వాడు ఆయన పక్కనుంచి, ఆగకుండా, వాసన చూడకుండా నడిచిపోవడం నేర్చుకున్నాడు. "మరిసిపోయినాడు. మంచిదే పాపా" అన్నాడు మామ ఒకసారి. మంచిదని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఇది చాలు మామా, ఇంక చాలు అని ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క విషయంలో ఆయన నా మాట వినలేదు.

గురువారం సాయంత్రం మామను బయటికి తీశారు. ఆడవాళ్లం గేటు దగ్గర ఆగిపోయాం. పాడె వీధి చివరికి చేరేసరికి, ఆ సగం కట్టిన ఇంట్లోంచి కుక్కలు బిలబిలమంటూ బయటికి ఉరికాయి. నిగనిగలాడే కుక్కలు. అన్నీ ఒక్కసారిగా పాడె మీదికి మొరిగాయి. మోసేవాళ్లు అడుగు తడబడ్డారు. ఎవరో రాయి అందుకోబోయారు.

"కొట్టొద్దప్పా" అంది అత్త గేటు పట్టుకుని. "అరవనీండి. ఈయనెవురో వాటికి తెల్దు."

అవి ఊపిరి నిండా తీసుకుని, గొంతులు పగిలేలా, కొత్త మనిషిని తరిమినట్టు ఆయన్ను మలుపు తిరిగేదాకా తరిమాయి.