నేను లేని వేళ నా వాటాలో

పొద్దున్న ఎనిమిది దాటితే మా వీధిలో మనిషి కనిపించేవాడు కాదు. అందరం ఉద్యోగాలకు పోయేవాళ్ళమే. చింతపల్లి వైపు బడులకు వెళ్ళే టీచర్లు, సచివాలయాల్లో పనిచేసేవాళ్ళు, సందు చివర కంపెనీ బస్సు కోసం నిలబడే మందుల ఫ్యాక్టరీ వాళ్ళు. పనిచేసే ఊళ్ళో అద్దెకు మంచి ఇల్లు దొరకదు, రాత్రి ఆకలేస్తే టిఫిన్ దొరకదు. నర్సీపట్నంలో రెండూ దొరుకుతాయి. అందుకే పెళ్ళికానివాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు అంతా ఆ కొత్త కాలనీలోకే చేరేవారు. నేను కోటవురట్ల మండలంలో సర్వేయర్‌ని. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, రోజంతా పొలాల హద్దులు కొలిచి, చీకటి పడే వేళకు తిరిగొచ్చేదాన్ని.

నా వాటా మేడ మీద. ఒక గది, వంటిల్లు, బాత్రూమ్. ఎదురు వాటాలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే అబ్బాయి ఉండేవాడు. కింద ఇంటావిడ. భర్త పోయాక ముందుగదిలో కుట్టు మిషన్లు పెట్టి ఆడపిల్లల చేత పని చేయించేది. ఆదివారం చర్చికి వెళ్ళే పూట తప్ప ఆ మిషన్లు ఆగగా నేను వినలేదు. ఇల్లిచ్చే ముందు ఆవిడ నన్ను చాలా అడిగింది. ఎన్నింటికి వెళ్తావు, ఎన్నింటికి వస్తావు, మధ్యాహ్నం భోజనానికి వస్తావా, సెలవులకు ఊరెళ్తావా అని. ఒంటరి ఆడపిల్ల మీద శ్రద్ధ అనుకున్నాను. ట్యాంకు పొర్లితేనో గ్యాస్ వాసన వస్తేనో కావాలి కదా అంటూ రెండో తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. అదీ సబబుగానే తోచింది.

మొదట తేడా కనిపించింది బాత్రూమ్‌లో. నేను మగ్గును బకెట్లోనే వదిలేస్తాను. ఒక సాయంత్రం వచ్చేసరికి అది గోడ మీద బోర్లించి ఉంది. నేనే పెట్టి మరిచానేమో అనుకున్నాను. తర్వాత వారంలో మంచం మీద దుప్పటి అంచులు పరుపు కిందికి గట్టిగా దోపి ఉన్నాయి. ఇంట్లో అమ్మ ఎన్నిసార్లు తిట్టినా నాకు ఆ అలవాటు రాలేదు. ఆ రాత్రి బీరువా మొత్తం తీసి చూశాను. గొలుసు ఉంది, సర్టిఫికెట్లున్నాయి, బట్టలన్నీ ఉన్నాయి. ఏమీ పోలేదు. పోయి ఉంటే దొంగ అని తేలేది. ఏమీ తీసుకోని మనిషి నా గదిలోకి ఎందుకొస్తున్నట్టు?

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం తలుపు తీయగానే గుమ్మంలోనే నిలబడి గది అంతా చూసేదాన్ని. దువ్వెనలో వెంట్రుకలు వెలుగుకి పట్టి చూసేదాన్ని. దిండు వాసన చూసేదాన్ని. దిండుకి ఆసుపత్రి వరండాలో వచ్చే మందు వాసన వేసింది. మందు అనగానే నా మనసు ఎదురు వాటా వైపు పోయింది. ఫ్యాక్టరీ అబ్బాయికి రాత్రి షిఫ్టు ఉన్నప్పుడు పగలంతా ఇంట్లోనే ఉంటాడు. పైగా ఒకరోజు మెట్ల మీద ఎదురై, మీరు వెళ్ళాక కూడా మీ ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది మేడమ్ అన్నాడు, నవ్వుతూ. నా ఫ్యాన్ సంగతి ఇతనికెందుకు? నవ్వెందుకు? ఆ తర్వాత అతను మెట్లు దిగుతుంటే నేను కింద ఆగి, అతను వెళ్ళిపోయాక ఎక్కడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే భయపెట్టింది కర్టెన్. కిటికీ కర్టెన్ అంచు చిరిగి చాలా రోజులుగా వేలాడుతోంది. ఒక సాయంత్రం చూస్తే అది కుట్టి ఉంది. చేత్తో, సన్నని కుట్లతో, రంగు కలిసే దారంతో. నా సామాను ఎవరో పాడు చేసినా అంత వణికేదాన్ని కాదు. నా గదిలో తీరిగ్గా కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, నా కర్టెన్ బాగుచేసి వెళ్ళిన మనిషి ఎవరు?

కుట్టు అంటే ఇంటావిడే గుర్తొస్తుంది. కిందికి వెళ్ళి అడిగాను, నేను లేనప్పుడు పైకి వచ్చారా ఆంటీ అని. ఆవిడ మిషన్ ఆపలేదు.

"నానెందుకెల్తాను తల్లీ? మెట్లెక్కితే మోకాలు పట్టీస్తాది. నీ తలుపు ముట్టుకునే ఎన్నాళ్ళో అయిపోనాది."

అబద్ధం చెప్తున్నట్టు అనిపించలేదు. కానీ మాట్లాడుతున్నంతసేపూ సూది కిందికే చూసింది, నా మొహంలోకి చూడలేదు. పక్కన గుండీలు కుడుతున్న అమ్మాయి తల ఇంకా కిందికి దించుకుంది.

తాళం మార్చేయమని మా ఆఫీసులో తోటి సర్వేయర్ ఒకామె చెప్పింది. మార్చితే రావడం ఆగిపోతుంది, నిజమే. కానీ వచ్చింది ఎవరో ఎప్పటికీ తెలియదు. అప్పుడిక ఆ వీధిలో ఎదురయ్యే ప్రతివాళ్ళనూ అనుమానిస్తూ బతకాలి. పొద్దున్న వెళ్ళేటప్పుడు తలుపు అడుగున, ఎవరికీ కనిపించని చోట, చిన్న టేపు ముక్క అతికించి వెళ్ళాను. సాయంత్రానికి అది ఊడి ఉంది. మర్నాడూ ఊడింది. ఆదివారం మాత్రం, ఉదయమే అన్నవరం వెళ్ళి సాయంత్రానికి వచ్చినా, అతికించినది అతికించినట్టే ఉంది. అంటే ఆ వచ్చేవాళ్ళకి కూడా పని రోజులూ సెలవులూ ఉన్నాయన్నమాట.

ఆ వారంలోనే ఒక రోజు పొలంలో ఉండగా వాన పట్టుకుంది. పరికరాలు తడవకూడదు కాబట్టి పని ఆపేశారు. మధ్యాహ్నం భోజనాల వేళకే నర్సీపట్నంలో బస్సు దిగాను. గొడుగు ముడుచుకుని గేటు తీయగానే ముందుగదిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంటావిడ కత్తెర కింద పెట్టి లేచింది.

"ఏటమ్మా, బేగి వచ్చీసావు? ఇలా కూకో. టీ తాగి ఎల్దువుగాని."

ఇన్ని నెలల్లో ఆవిడ నాకు టీ ఇస్తాననడం అదే మొదటిసారి. వద్దని చెప్పి మెట్లెక్కాను. వెనకనుంచి నన్ను పిలిచింది, మళ్ళీ పిలిచింది. కానీ మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది.

ఎదురు వాటాకి తాళం వేసి ఉంది. నా తలుపుకి లేదు. నెట్టితే రాలేదు, లోపల గడియ వేసి ఉంది. నా ఇంటి తలుపు నేనే తట్టాల్సి వచ్చింది. ఫోన్ చేతిలో పట్టుకుని ఇంకోసారి గట్టిగా తట్టాను. లోపల మంచం కదిలిన చప్పుడు, చెప్పుల చప్పుడు. గడియ తీసింది ఒక అమ్మాయి. నాకంటే చిన్నది. జుట్టు చెదిరి, చెంప మీద దిండు గలేబు ముడతల అచ్చులు పడి ఉన్నాయి. కుర్చీ మీద నర్సులు వేసుకునే తెల్ల కోటు మడతపెట్టి ఉంది.

ఆ అమ్మాయి నన్ను చూసి భయపడలేదు. నాకు అది ఇప్పటికీ గుర్తే. నన్ను ముందే ఎరిగినదానిలా నవ్వబోయింది.

"అక్కా, మీరేనేటండీ? ఈరోజు బేగి వచ్చీసారు. ఉండండి, పక్క సర్దీస్తాను."

నువ్వెవరు అన్నాను. ఆ నవ్వు ఆగిపోయింది. నన్నూ, నా చేతిలో ఫోన్‌నూ మార్చి మార్చి చూసింది.

"పెద్దమ్మ మీతో సెప్పలేదేటండీ? మీరు సరేనన్నారని సెప్పింది నాతో."

నిలబడే విన్నాను అంతా. ఇంటావిడ చెల్లెలి కూతురు. పాయకరావుపేట అవతల వాళ్ళ ఊరు, ఆదివారాలు అక్కడికి వెళ్తుందట. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, నేను తిరిగొచ్చే వేళకే వెళ్ళిపోతుంది కాబట్టి నాకెప్పుడూ ఎదురుపడలేదు. తెల్లారి వచ్చి కింద పడుకుంటే మిషన్ల మోతకి నిద్ర పట్టదు. రెండు సార్లు డ్యూటీలో తూలిపోయిందట. పెద్దమ్మే తాళంచెవి ఇచ్చి, పై వాటా అమ్మాయితో మాట్లాడాను, పగలు పడుకోవచ్చంది అని చెప్పిందట. అందుకే వెళ్ళేటప్పుడు పక్క సర్ది, బాత్రూమ్ శుభ్రంగా ఉంచి వెళ్ళేదట. ఊరికే పడుకుంటున్నాను కదా అని కర్టెన్ కుట్టిందట. బల్ల మీద ఒకసారి బిస్కెట్ల పొట్లం తనకోసమే పెట్టాననుకుని రెండు తిన్నదట. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. నాకు జాలి వేయలేదు. ఇన్ని వారాలు నా దిండు మీద ఇంకో తల ఉందన్న సంగతే నా ఒంటి మీద పాకుతున్నట్టుంది. ఆ ఏడుపు కూడా నిజమైనదేనా అని చూస్తూ నిలబడ్డాను.

కిందికి వెళ్ళాను. మిషన్లు ఇంకా మొదలవలేదు, కుట్టే అమ్మాయిలంతా వింటున్నారు. నాకు చెప్పకుండా నా ఇంట్లో మనిషిని ఎలా పెట్టారని అడిగాను. ఆవిడ మొహంలో తప్పు చేసిన గుర్తేమీ లేదు.

"పగలంతా తాళమేసుండే కొంపే కదా తల్లీ. మంచం ఊరికినే పడున్నాది. నా ఇంట్లో పిల్ల నిద్దరనేక సస్తంటే సూస్తా కూకోమంటావేటి?"

"నన్ను అడగొచ్చు కదా ఆంటీ."

"అడిగితే నువ్వు కాదంటావు. అందుకే అడగనేదు."

ఆవిడ అన్నది నిజం. అడిగి ఉంటే కాదనేదాన్ని. కాదనే హక్కు నాదే కదా అని మెట్లెక్కుతూ అనుకున్నాను. ఆ మాట ఆవిడతో అనలేకపోయానని మరింత కోపం వచ్చింది.

పైకి వెళ్ళేసరికి ఆ అమ్మాయి సంచి సర్దేసుకుంది. దుప్పటి తీసి, ఉతికి ఇవ్వమంటారా అని అడిగింది. వద్దన్నాను. తాళంచెవి నా చేతిలో పెట్టి, వాన తగ్గకముందే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే కొత్త తాళం కొన్నాను. ఇంటావిడ తర్వాత నాతో మాట మానేసింది. నేను స్నానానికి వెళ్ళే వేళకే మోటారు ఆపేసేది, కావాలనో కాదో తేల్చుకోలేకపోయాను. ఫ్యాక్టరీ అబ్బాయికి జరిగింది చెప్పాను. అతను ఆశ్చర్యపోయాడు.

"మీకు ఫ్యాన్ సంగతి చెప్పాక ఓ రోజు ఆమె మెట్ల మీద కనిపిస్తే, మీ చెల్లెలనుకున్నాను మేడమ్. పగలు పడుకుంటాదని, ఇంట్లో ఉన్నప్పుడు పాటలు కూడా పెట్టుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

వేసవి రాకముందే పక్క వీధిలో ఇంకో వాటాకి మారిపోయాను. ఆ ఇంటాయన రెండో తాళంచెవి అడిగితే ఇవ్వనని కచ్చితంగా చెప్పాను. ఇచ్చేస్తే నీకేం పోతుంది, లోపల అంత దాచేదేముంది అన్నాడు. అప్పట్నుంచి నేను గేటు తీసినప్పుడల్లా ఆయన కిటికీ దగ్గరికొచ్చి, నా వెంట ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తూనే ఉన్నాడు.

ఎండల్లో సర్వే చేసి ఒకసారి జ్వరం తెచ్చుకున్నాను. సెలైన్ పెట్టించుకోవడానికి సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే చేయి పట్టుకుని నరం వెతికింది ఆ అమ్మాయే. సూది నొప్పి లేకుండా దింపింది. ఎక్కడుంటున్నావని నేనే అడిగాను. కొన్నాళ్ళు హాస్టల్లో ఉందట, ఆరుగురు ఒక గదిలో. మళ్ళీ ఇప్పుడు పెద్దమ్మ మేడ మీదే పడుకుంటోందట. నా తర్వాత ఆ వాటాలోకి చింతపల్లి వైపు బడికి వెళ్ళే టీచరమ్మ వచ్చిందట.

"ఆవిడతో ఎవరు మాట్లాడారు?" అన్నాను.

"నానే ఎల్లి అడిగానండీ ఈసారి. సరేనన్నారు. నాకో దుప్పటి కూడా ఇచ్చారు."

సెలైన్ గొట్టంలో చుక్కలు సరిచేస్తూ ఉంది. నేను తన మొహాన్ని చాలాసేపు చూశాను. నిజమే చెప్తోందనిపించింది. అయినా ఆ టీచరమ్మ ఫోన్ నంబరుందా అని అడిగాను. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. ఫోన్ తీసి, నంబరు చదివింది.