పడవ మీద లెఫ్టినెంటు

గురువమ్మ కుర్చీలో కూర్చోకపోవడం విశాఖ తీర చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయానికి తగిన విషయం. రేవు పెరిగింది, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది, ప్లాస్టిక్ కుర్చీ అవతరించి జాలరిపేటలో ప్రతి గుమ్మం ముందూ స్థిరపడింది. ఆవిడ వైఖరిలో మాత్రం మార్పు రాలేదు. చేపలమ్మేటప్పుడు బుట్ట వెనక గొంతుక్కూర్చుంటుంది. మిగతా వేళల్లో నడుస్తూనే ఉంటుంది. కొడుకు పోయినప్పుడు పరామర్శకు వచ్చిన అధికారులు సైతం ఆవిడ వెనకాల గుమ్మానికీ గట్టుకీ మధ్య తిరుగుతూనే సానుభూతి తెలియజేశారు.

ఆ కొడుకు పేరు వాసు. పేట నుంచి సైన్యంలో ఆఫీసరైన మొదటివాడు. లెఫ్టినెంటుగా ఉండగా సరిహద్దు కొండల మీద పోరులో చనిపోయాడు.

అతనికి విగ్రహం పెట్టాలని పేట సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సంఘంలో ఏకగ్రీవం అదే మొదలు, అదే ఆఖరు. మీసం ఎంత ఉండాలన్న దాని మీదే మూడు సమావేశాలు చెడిపోయాయి. చివరికి అధ్యక్షుడు గవర్రాజు, గురువమ్మకి మరిది, రెండు బోట్ల యజమాని, తన మీసాన్నే కొలతగా ప్రకటించి వివాదాన్ని ముగించాడు. ఇన్ని చర్చల్లోనూ కాళ్ళ కింద ఏముండాలని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు. దేవుడైనా, నాయకుడైనా ఆ పేటలో నిలబెట్టే ఏ బొమ్మకైనా కింద పడవ ఉంటుంది. కాబట్టి గోపాలపట్నంలో విగ్రహం చేసేవాళ్ళు పడవ కూడా పోసేశారు. మంచుకొండల్లో పోరాడిన వాసు బూట్లతో పడవ ముక్కున నిలబడి, బంగాళాఖాతం మీదికి తుపాకీ గురిపెట్టాడు.

విగ్రహం దింపిన రోజున గురువమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేటి గవర్రాజూ? ఆడు పడవెక్కితే కక్కుకునీవోడు గదా."

గవర్రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇక్కడితో ఒగ్గెయ్యొదినా. వీరుడి గురించి సెప్పే మాటేనా అది? పేట పరువేటవుద్ది?"

మాట మాత్రం నిజం. తండ్రి జగ్గయ్య బతికున్న రోజుల్లో వాసుని వేటకి తీసుకెళ్ళేవాడు. ఒడ్డు కనుమరుగయ్యేలోపే పిల్లాడు పడవ అంచుకి వేలాడేవాడు. అలవాటవుతుందని చూశారు. కాలేదు. ఇక వీడు దేనికీ పనికిరాడని బడికి పంపారు. పేటలో ఉన్నత విద్యకి అంతకంటే బలమైన కారణం ఎవరికీ దొరకలేదు.

అయితే గురువమ్మ మనసులో మెదులుతున్నది ఆ చిన్నప్పటి సంగతి ఒక్కటే కాదు. వాసు దగ్గర పనిచేసిన హవల్దారు రమణమూర్తి, శ్రీకాకుళం వైపు వాడు, కర్ర సాయంతో వచ్చి ఆవిడకి జరిగింది చెప్పాడు. కాల్పుల్లో ఇద్దరు జవాన్లు బండల అవతల పడిపోయారట. వాసు పాకుతూ వెళ్ళి ఒకణ్ణి లాక్కొచ్చాడు. ఆ ఒకడు రమణమూర్తే. రెండోవాడి కోసం బయల్దేరబోతూ వాసు పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. మూతి తుడుచుకుని వెళ్ళాడు. ఆ జవానుని బండ వెనక్కి తోసేశాడు గానీ తను రాలేకపోయాడు.

గురువమ్మ నడక ఆపి, "కక్కుకున్నాడా?" అని మళ్ళీ అడిగింది. అనకూడనిది అన్నానేమోనని హవల్దారు కంగారుపడ్డాడు. అందరూ పొగుడుతున్న మనిషి తన కొడుకేనని ఆవిడకి అప్పుడే నమ్మకం కలిగింది.

పడవని కొట్టించెయ్యమని గవర్రాజుని అడిగింది. అది కొడితే కాళ్ళూ పోతాయని తేలింది. ఆవిష్కరణ దాకా ఆవిడ కుదురుగా లేదు. ఎదురైనవాళ్ళతో సగం మాట మొదలెట్టి, మిగతాది మింగేసి వెళ్ళిపోయేది. ఉప్పులో వేసిన చేపల్ని మరిచిపోయి మళ్ళీ ఉప్పు పోసింది.

ఆవిష్కరణ రోజు వేదిక మీద ఆవిడకి తువ్వాలు పరిచిన కుర్చీ వేశారు. ఆవిడ దాని పక్కన నిలబడింది. మొదటి వక్త వాసుని సముద్రపుత్రుడన్నాడు. రెండో వక్త అలల్నే ఉయ్యాలగా చేసుకుని ఊగాడన్నాడు. మూడో వక్త, అంటే ముఖ్య అతిథి, భయమన్నదే ఎరగని సింహమన్నాడు. అంతే, గురువమ్మ మైకు దగ్గరికి నడిచింది. గవర్రాజు సగం లేచి ఆగిపోయాడు.

"మావోడికి బయం తెలుసు," అంది ఆవిడ. "సిన్నప్పుడు పడవెక్కితే కక్కుకునీవోడు. అక్కడ కొండ మీదా కక్కుకున్నాడంట. సేతులొణికినాయంట. మూతి తుడుసుకుని ఎల్లాడు. బయం లేనోడు ఎల్తే గొప్పేటి? మీరు సెప్పినోడెవడో నాకు తెల్దు. మావోడైతే ఈడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో సంఘం ముందుగా తీర్మానించలేదు. ముఖ్య అతిథి గడియారం చూసుకున్నాడు. కాసేపటికి సభ అయిపోయింది.

పేట పరువు ఏమైందో తెలుసుకోవడానికి గురువమ్మ విగ్రహం దగ్గరే తచ్చాడింది. కుర్చీలు సర్దిస్తున్న గవర్రాజు ఆవిడ దగ్గరికి వచ్చాడు. చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

"మొదటేడు పడవెక్కితే నాకూ వాంతులయ్యేవొదినా," అన్నాడు.

ఆ పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన తనకీ అన్నాడు. తరవాత ఇంకొకరు. చీకటి పడేలోపు తేలిందేమిటంటే, మొదటిసారి వేటకెళ్ళి వాంతి చేసుకోనివాడు ఆ పేటలో లేడు.