మేరీ గౌనుకి ఇచ్చిన ఆది జాకెట్టు

ఎల్లుండి మా పెద్ద మనవరాలు మేరీకి చర్చిలో పెళ్లి. ఈ రోజు పొద్దున్న తెల్లగౌను తొడిగి చూస్తే వీపు మీద హుక్కులు కలవలేదు. పిల్ల ఊపిరి బిగబట్టింది, అయినా నడుం దగ్గర కుట్టు పిగిలిపోయింది. గౌను చంకలో పెట్టుకుని, మేరీని రెక్క పట్టుకుని, మల్కాపురంలో బస్సెక్కి వన్‌టౌన్‌లో టైలరు సాయిబు కొట్టుకి పోయాను.

"ఏటి సాయిబూ, నువ్వు కుట్టింది పెళ్లికూతురికా, బొమ్మకా?" అని గుమ్మంలోనే అడిగాను.

ఆయన కొలతకని మేమిచ్చిన ఆది జాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ పిల్ల ఇచ్చిందే అమ్మా. దీని ప్రకారమే కుట్టాను."

చూద్దును కదా, అది మేరీ చెల్లెలి జాకెట్టు!

"ఏటే ఇది?" అన్నాను.

"నాది ఇవ్వడానికి సిగ్గేసింది మామ్మా. పెళ్లినాటికి సన్నబడిపోతాననుకున్నాను" అని ఏడ్చింది.

"పెళ్లికొడుకు నిన్ను చూసి ఒప్పుకున్నాడా, నీ చెల్లిని చూసా?" అన్నాను. సాయిబు భార్యని పిలిపించి, టేపు పెట్టించి, అసలు కొలత తీయించాను. పక్కల్లో గుడ్డ వేసి, నడుం నొక్కకుండా రొమ్ము కింద నుంచి జారుగా వదలమన్నాను. సాయంత్రం అదే గౌనులో పిల్ల పొడుగ్గా కనబడింది. అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు.

నాకు రాత రాదు, ఇది మేరీ చేతే రాయిస్తన్నాను. చెల్లి జాకెట్టు సంగతి వదిలేద్దాం మామ్మా అంటంది. సిగ్గుపడ్డానికి అదేమైనా దొంగిలించి తెచ్చిన ఒళ్లా, రాయవే అన్నాను. మీరేటంటారు?