అక్క మేడ మీది గులాబీ కుండీలు

పోయిన వారం ఒక మందార మొక్క తెచ్చుకుందామని కడియం వెళ్ళాను. నర్సరీలో డబ్బు కట్టే బల్ల మీద వరసగా సీసాలు పెట్టి ఉన్నాయి. చేపలతో చేసిన ఎరువట. అక్కడున్న అమ్మాయి ఒక సీసా మూత తీసి, "అస్సలు వాసనుండదండి, ఫ్లాట్లలో కూడా వాడుకోవచ్చండి" అని గర్వంగా చెప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నిజమే, ఏ వాసనా లేదు. మా అక్క చేసే చేపల ఎరువైతే వీధి మలుపు దగ్గరే ఎదురొచ్చి పలకరించేది. సీసా కొనలేదు సరికదా, మందారం సంగతి కూడా మరిచిపోయి రాజమండ్రి బస్సెక్కేశాను. దారి పొడుగునా భీమవరంలో అక్క మేడే కళ్ళముందు మెదిలింది.

మా నాన్నగారు కట్టిన ఇంట్లో కింది వాటా తమ్ముడిది. మేడ మీద ఒక గది, దాని ముందున్న డాబా అక్కవి. అక్క పెళ్ళి చేసుకోలేదు. లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. అక్క బతికున్నన్నాళ్ళూ మేడ ఆమెదేనని నాన్నగారు మా ముగ్గురినీ కూర్చోబెట్టి మరీ చెప్పారు. తమ్ముడు బుద్ధిగా తలూపాడు. నాన్నగారి ముందు వాడు ఎప్పుడూ బుద్ధిమంతుడే.

అక్క తోట గురించి చెప్పాలంటే ముందు కంపు గురించి చెప్పాలి. పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్ళి, చేపలు కోసే ఆడవాళ్ళు పక్కకి తోసేసిన తలకాయలు, పేగులు, పొలుసులు బకెట్లో వేయించుకొచ్చేది. ప్లాస్టిక్ డ్రమ్ములో ఒక వరస చేప, ఒక వరస నల్లబెల్లం వేసి మూత బిగించేది. చేప కరిగి, కంపు పోయి, పులిసిన తీపి వాసన వచ్చాక వడకట్టి, బోలెడన్ని నీళ్ళలో కలిపి చిక్కుడుకీ బెండకీ కరివేపాకుకీ పోసేది. ఆ వాసన మారేలోపల మాత్రం చుట్టాలెవరూ మేడెక్కే సాహసం చేసేవాళ్ళు కాదు. గులాబీలకైతే వేరే మర్యాద. రొయ్యల తలకాయలు, పెంకులు తెచ్చి కుండీల మట్టిలో పాతిపెట్టేది. ఆ పూల రంగు చూసి వీధిలో వాళ్ళు ఆగిపోయేవారు.

అంత చేప ఉన్నచోట పిల్లులు చేరకుండా ఎలా ఉంటాయి? ఎక్కడెక్కడివో వచ్చి అక్కడే కాపురం పెట్టాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల్ని "ఒరేయ్" అని తప్ప పిలవని మా అక్క, పిల్లుల్ని "అండి" అనేది. "దిగండి, అది మీ మంచం కాదండి" అని ఎంతో గౌరవంగా మందలించేది. ఒక ముసలి గండుపిల్లికి హెడ్మాస్టరుగారని పేరు పెట్టింది. ఏ పనీ చేయకుండా ఎత్తుగా కూర్చుని అందరినీ చూస్తుంటుందని. బకెట్ రాగానే ముందు వాటి వాటా వాటికి పెట్టి, ఆ తర్వాతే డ్రమ్ము మూత తీసేది. రొయ్య వాసనకి అవి గులాబీ కుండీలు తవ్వకుండా మట్టి మీద కొబ్బరి డొక్కలు బిగించి పరిచేది. రిటైరయ్యాక అక్కని పొద్దున్నే మంచం మీంచి లేపినవి ఆ కుండీలు, ఆ పిల్లులే. కిందనుంచి ఆమెని పలకరించడానికి పైకి వచ్చేవాళ్ళు తక్కువ.

అలా ఉండగా, ఆ సందులో ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్ళకి గదులు అద్దెకివ్వడం మొదలైంది. తమ్ముడికీ ఆ ఆశ పట్టుకుంది. డాబా మీద గదులు వేస్తానన్నాడు. అక్క వద్దంది. మరదలిచేత అడిగించాడు. నన్ను కూడా ఒక మాట చెప్పమన్నాడు, నేను చెప్పనన్నాను. ఆ తర్వాత కింద వాళ్ళకి ఉన్నట్టుండి మేడ మీది కంపు తెలియడం మొదలైంది. అన్నాళ్ళూ ఆ ఎరువుతో కాసిన చిక్కుడుకాయలు కోసుకుని వండుకున్న ఇల్లే అది.

ఆ వేసవిలో నేను అక్క దగ్గరే ఉన్నాను. తమ్ముడికి ఊరవతల కొంచెం వరి చేను ఉంది. చేలో చల్లే పురుగుమందు గుళికల డబ్బా ఎప్పుడూ మెట్ల కింద ఉండేది. మా వైపు రైతుల ఇళ్ళలో అది ఉప్పు డబ్బాలాగా మామూలు వస్తువు. ఒకరోజు పొద్దున్నే అక్క నన్ను మెల్లగా తట్టి లేపి, బయటికి రమ్మంది. హెడ్మాస్టరుగారు మెట్ల మీద పడి ఉన్నారు. ఒక తల్లిపిల్లి, దాని పిల్లలు నీళ్ళతొట్టి పక్కన పడి ఉన్నాయి. గులాబీ కుండీలన్నీ తవ్వి ఉన్నాయి. కొబ్బరి డొక్కలు మాత్రం ఎవరో తీసి గోడవారగా శుభ్రంగా పేర్చారు. మట్టిలో రొయ్య పెంకుల మధ్య ఊదారంగు గుళికలు కనిపించాయి.

పిలవగానే తమ్ముడు పైకి వచ్చాడు. దాచలేదు కూడా. "చీమలు పట్టాయన్నావు కదక్కా, నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు నాలుగు గుళికలు చల్లాను. పిల్లులు తవ్వుతాయని నాకేం తెలుసు?" అన్నాడు.

"చీమలు పట్టింది చిక్కుడు పాదుకిరా" అంది అక్క.

"కూరలు కాసేవాటిలో మందెలా వేస్తానక్కా? మనం తినేవి కదా."

ఆ డొక్కలు అక్క ఎందుకు పరిచిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వాడు తెలిసే చేశాడు. అది నా అనుమానం మాత్రమేనని చుట్టాలంటారు. నాకైతే ఏ అనుమానమూ లేదు.

పాతిపెడదామంటే ఇంటి చుట్టూ గుప్పెడు మట్టి లేదు. కారు పెట్టుకోవడానికి తమ్ముడు పెరడంతా సిమెంటు చేయించాడు. రొయ్య పెంకుకి కూడా మట్టిలో చోటిచ్చిన మనిషికి పిల్లుల్ని పాతడానికి చోటు దొరకలేదు. చివరికి చెత్త బండి వచ్చింది. పిల్లులున్న సంచిని అక్క తానే ఎత్తి అందించి, "జాగ్రత్తగా వెళ్ళండి" అంది. బండివాడు తనతో అనుకుని తలూపాడు. నాకు ఏడుపాగలేదు.

శ్రావణం రాకముందే అక్క తనంతట తానే కిందికి దిగి, గదులు వేసుకోమని తమ్ముడికి చెప్పి, ఒక పెట్టెతో నా దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడా డాబా నిండా గదులే. వాటి ముందు తీగల మీద కుర్రాళ్ళ జీన్సు ప్యాంట్లు ఆరుతుంటాయి. మా బాల్కనీలో అక్క ఒక్క మొక్క కూడా పెట్టదు. నేను తెచ్చుకున్నవాటికి నేనే నీళ్ళు పోసుకోవాలి.

తమ్ముడు ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని ఎంతో ఆప్యాయంగా అడుగుతాడు. అక్క నవ్వుతూ జవాబు చెబుతుంది. ఒకసారి ఒళ్ళు మండి, వాడితో ఎలా మాట్లాడగలుగుతున్నావని అడిగేశాను. అక్క కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, "వాణ్ణి చంకనేసుకుని పెంచాను కదే. వాడలాంటివాడని ఒప్పుకుంటే నాకింక ఏం మిగులుతుంది?" అంది.

అక్కని కంటికి రెప్పలా చూసుకున్న తమ్ముడని ఇప్పుడు చుట్టాలిళ్ళలో వాడికి పేరు. పిల్లుల సంగతి ఎత్తితే, ఇంకా అదేనా అన్నట్టు అందరూ నావైపే చూస్తారు. ఏడాదికేడాది వాడు మంచివాడవుతున్నాడు, నేను చెడ్డదాన్నవుతున్నాను. కాలం కూడా చివరికి వాడి పక్షానే చేరింది.