డ్రైవర్ సార్

మొదటి రోజే అతను నాకు సెల్యూట్ కొట్టాడు. మా ఇద్దరి గొడవ అక్కడే మొదలైంది.

శిక్షణ కేంద్రం గేటు దగ్గర ఆ రోజు నలభై మంది దిగారు. అందరి చేతుల్లోనూ కొత్త సూట్‌కేసులు, మొహాల్లో ఇంటి తిండి నునుపు. ఇతనొక్కడి భుజానికి మాత్రం రంగు వెలిసిన సైనికుల సంచి వేలాడుతోంది. నేను రిజిస్టరు పట్టుకుని ఎదురుగా వెళ్ళగానే మడమలు టక్కున కలిపి చెయ్యి నుదుటికి చేర్చాడు. వెనకున్న కుర్రాళ్ళు అదేదో పద్ధతి కాబోలనుకుని తలా ఒక రకంగా చేతులెత్తేశారు. ఒకడైతే ఎడమ చెయ్యి ఎత్తాడు. నాకు ఒళ్ళు మండింది.

"దించండి సార్," అన్నాను. "నాకెందుకండీ సెల్యూట్? నేను మీ డ్రిల్ మాస్టర్ని. నేనేమన్నా ఆఫీసర్నా?"

"అలవాటు మాస్టారూ," అన్నాడు తల దించుకుని.

మా ఉద్యోగమే ఒక విచిత్రం. ఆఫీసర్లు కాబోయేవాళ్ళని పదకొండు నెలలు ఎండలో పరిగెత్తించేది మేమే, మోచేతుల మీద పాకించేది మేమే, చెవులు చిల్లులు పడేలా అరిచేదీ మేమే. పిలవడం మాత్రం సార్ అనే పిలవాలి. 'సార్, మీ మోకాలు ఇంకా నిద్ర లేవలేదా?' 'సార్, ఇది కవాతా, పెళ్ళికూతురి నడకా?' ఇలా గౌరవంగా తిడుతూ ఉంటాం. చివరి రోజు వాళ్ళ భుజాల మీదికి నక్షత్రం వస్తుంది. ఆ క్షణం నుంచి వాళ్ళు మాకు పైవాళ్ళు. ముందు మేం సెల్యూట్ చేస్తాం, తర్వాత వాళ్ళు తిరిగి చేస్తారు. అంతే తప్ప మాకు ముందుగా ఎవరూ చెయ్యెత్తనక్కర్లేదు.

ఇతనికి ఇదంతా తెలియక కాదు. ఏడేళ్ళు సైన్యంలో లారీ నడిపిన మనిషి. డ్యూటీ దిగాక పుస్తకాలు ముందేసుకుని, ఆఫీసరు పరీక్ష రాసి, ఇంటర్వ్యూ గట్టెక్కి మరీ వచ్చాడు. తోటివాళ్ళకి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. ఇతనికి ఇరవై ఏడు, పైగా ఇంటి దగ్గర భార్య, ఐదేళ్ళ కూతురు. సాయంత్రానికల్లా కుర్రాళ్ళు 'డ్రైవరన్న' అని పేరు పెట్టేశారు. నేను 'డ్రైవర్ సార్' అనేవాణ్ణి. నా నోట్లో ఆ మాటకి కాస్త కారం తగిలేది.

ఆ కారం ఎక్కడిదో చెప్పేస్తాను, దాచుకుని ఏం చేసుకుంటాను? ఆ పరీక్ష నేనూ రాశాను. రెండుసార్లు. రెండుసార్లూ ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళి, నోరు పెగలక బయటికొచ్చాను. తర్వాత వయసు దాటిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎంతోమంది నా చేతుల మీదుగా నక్షత్రాలు పెట్టుకుని వెళ్ళిపోయారు, నాకేమీ అనిపించలేదు. వాళ్ళ దారి వేరు, నా దారి వేరు అనుకునేవాణ్ణి. ఇతను నా దారినే వచ్చి, నేను ఆగిపోయిన గుమ్మం దాటేశాడు. చూస్తుంటే ఓర్వలేకపోయేవాణ్ణి. అదీ నిజం.

పోనీ తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందా అంటే, పనిలో వంక పెట్టలేం. అందరికంటే ముందు లేచేవాడు. పరుగులో చివర పడినవాడి తుపాకీ కూడా తనే మోసుకొచ్చేవాడు. ఆ బ్యాచ్‌లో ఒక పొడుగాటి కుర్రాడుండేవాడు, అందరూ గెడ అనేవాళ్ళు. అతగాడికి పక్క సర్దుకోవడం చచ్చినా రాదు. ఒకరోజు తనిఖీకి వెళ్తే గెడ మంచం మీద దుప్పటి మూలలు లారీ మీద టార్పాలిన్ లాగి కట్టినట్టు బిగించి ఉన్నాయి. ఎవరి పనో అడగక్కర్లేదు.

"డ్రైవర్ సార్, మీరు ఆఫీసరు అవుదామని వచ్చారా, వీళ్ళందరికీ అమ్మ అవుదామని వచ్చారా?" అన్నాను. బ్యారక్ అంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

అసలు చిక్కు అదే. అందరికీ అతనంటే ఇష్టం, కానీ అతని మాట ఎవరూ వినేవాళ్ళు కాదు. వినడానికి అతను ఏదైనా చెబితే కదా. 'ఆ పెట్టె ఇటు తీసుకురా' అనడం కంటే వెళ్ళి తెచ్చుకోవడమే అతనికి సులువు.

నాలుగో నెలలో నాయకత్వం పరీక్ష పెట్టారు. మైదానం చివర పెద్ద గొయ్యి ఉంది. రెండు చెక్కలు, ఒక తాడు, ఎనిమిది మంది మనుషులు, నీళ్ళు నింపిన ఒక డ్రమ్ము. ఇరవై నిమిషాల్లో డ్రమ్ము అవతలి ఒడ్డుకి చేరాలి. చేర్చాల్సింది ఆ ఎనిమిది మంది. వాళ్ళ చేత చేయించాల్సింది పరీక్షకి నిలబడ్డ క్యాడెట్. మూడు అవకాశాలిస్తారు. మూడూ పోతే వెనక్కి పంపేస్తారు. కుర్రాళ్ళయితే వచ్చే ఏడాది మళ్ళీ రావచ్చు. ఇతనికి ఆ దారి లేదు, వయసు దాటిపోతుంది. మళ్ళీ లారీయే.

మొదటిసారి పన్నెండు నిమిషాల్లో డ్రమ్ము దాటింది. ఎందుకు దాటదు, తనే గోతిలోకి దూకి భుజం పెట్టి ఎత్తాడు. ఎనిమిది మందీ ఒడ్డున నిలబడి భలే అన్నా, భలే అన్నారు. బురద కారుతూ పైకొచ్చి, మార్కులు వేసే మేజర్ గారి ముందు నిలబడ్డాడు.

"బాగా మోశారు. కానీ నడిపించలేదు," అని ఆయన సున్నా చుట్టారు.

రెండోసారి ఏడో నెలలో. ఈసారి ఎవరు నేర్పారో గానీ, నాలాగా అరవడం మొదలుపెట్టాడు. అరుపు నాదే, గొంతు అతనిది. అది అతకలేదు. 'మీ మోకాలు నిద్ర లేవలేదా' అని అతను గెడని గద్దించేసరికి గెడ ఫక్కున నవ్వేశాడు. ఆ నవ్వులో చెక్క జారింది. జారగానే ఇతను మళ్ళీ గోతిలోకి దూకాడు. చిటికెన వేలు నలిగి గోరు ఊడింది. మేజర్ గారు ఇంకో సున్నా చుట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

సంతోషించానా? ఒక్క నిమిషం సంతోషించాను. ఆ వేలికి గుడ్డ చుడుతుంటే ఆ సంతోషం కాస్తా పోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఇంటివాళ్ళు వచ్చి చూసే రోజు. అతని భార్య కూతుర్ని తీసుకుని వచ్చింది. బట్టల దుకాణంలో లెక్కలు చూసుకునే మనిషట, మాటలో తడబాటు లేదు. అతను కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని మైదానం చూపిస్తుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఈయన గురించి మీతో ఓ మాట చెప్పాలి," అంది. "ఇంట్లోనూ ఇంతే. పాప చేత హోంవర్క్ చేయించండి మొర్రో అంటే ఈయనే కూర్చుని రాసేస్తారు. టీచరమ్మ నన్ను పిలిచి, మీ పాప దస్తూరీ ఏమిటండీ మీసాలొచ్చిన మగాడిలా ఉందీ అని అడిగింది."

నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

"వెనక్కి పంపేస్తే పంపేస్తారు. లారీ నడపడం నాకు నామోషీ కాదు, ఆ లారీయే మాకు ఇంత ముద్ద పెట్టింది. కానీ ఈయన, నా వల్ల కాదు అనుకుంటూ తిరిగొస్తారు చూడండి, అది నేను చూడలేను. మీరు పెద్దవారు. ఇంకొక్కసారి చెప్పి చూడండి."

చూద్దాంలేమ్మా అన్నాను. నా వల్ల కాదు అనుకుంటూ తిరిగిరావడం ఎలా ఉంటుందో ఆమెకంటే నాకే బాగా తెలుసు. రెండుసార్లు వచ్చాను.

మూడో పరీక్ష ఇక రెండు రోజులుందనగా, పొద్దున పూట సరుకుల లారీ వచ్చింది. మా స్టోరు షెడ్డుకి దారి ఇరుకు. ఒకపక్క గోడ, ఒకపక్క మూత లేని కాలువ. లారీని వెనక్కి నడిపించుకుంటూ లోపల పెట్టాలి. ఆ రోజు వచ్చింది కొత్త డ్రైవరు, పెద్దాయన. రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ చక్రం కాలువ అంచుదాకా తెచ్చి ఆపేసి, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

సరుకు దించే పని ఆ వారం మా డ్రైవర్ సార్ బృందానిదే. ఇతని చేతులు దురదపెట్టడం నాకు కనిపిస్తూనే ఉంది. కానీ క్యాడెట్లు ఇక్కడి బళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ రోజే ఇంటికి. అతను లారీ చుట్టూ కాలు కాలిన పిల్లిలా ఓసారి తిరిగాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, అద్దంలో పెద్దాయనకి కనబడేచోట నిలబడ్డాడు.

"బాబాయ్, కాలువ సంగతి నాకొదిలెయ్. నువ్వు నన్ను చూడు చాలు," అన్నాడు. "ఆ, రానీ. రానీ. ఎడమకి కొట్టు. ఇంకొంచెం. చాలు, తిన్నగా చేసుకో. రానీ. భయం లేదు, బోలెడు చోటుంది. ఆపు. ఓ జానెడు ముందుకెళ్ళు. ఇప్పుడు రా."

అరవలేదు. వేడుకోలేదు. ఆ గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. లారీ దానంతటదే వచ్చి షెడ్డులో కూర్చుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. చెప్పకపోతే నన్నెవరూ అడగరు. ఎల్లుండి అతను మళ్ళీ గోతిలోకి దూకుతాడు, ఆ పైన తన లారీ దగ్గరికి వెళ్ళిపోతాడు. నా దారిలో వచ్చినవాడు నేను ఆగిన చోటే ఆగుతాడు. ఈ ఆలోచన నాకు వచ్చిన మాట నిజం. వచ్చినందుకు సిగ్గుపడ్డ మాటా నిజం.

"డ్రైవర్ సార్, ఇలా రండి," అన్నాను.

వచ్చాడు.

"ఇప్పుడు మీరేం చేశారు?"

"బండి పెట్టించాను మాస్టారూ."

"స్టీరింగు ఎవరి చేతిలో ఉంది?"

"బాబాయ్ చేతిలో."

"మరి బండి పెట్టిందెవరు?"

లారీ వైపు చూశాడు, కాలువ వైపు చూశాడు, కట్టు కట్టిన తన చిటికెన వేలు చూసుకున్నాడు.

"ఏడేళ్ళు స్టీరింగు దగ్గర కూర్చున్నారు," అన్నాను. "వెనక ఎవడో ఒకడు నిలబడి రానీ అంటే వచ్చారు, ఆపు అంటే ఆపారు. వాడు మీ బండి తోశాడా? మీరు చూడలేనిది చూసి చెప్పాడు, అంతే కదా. ఎల్లుండి మీరు డ్రమ్ము దగ్గర నిలబడకండి. బండి వెనక నిలబడండి."

అతని మడమలు దగ్గరికి చేరాయి, చెయ్యి పైకి లేవబోయింది.

"చెయ్యి దించండి," అన్నాను. దించేశాడు.

మూడో పరీక్ష రోజు ఎండ చురుక్కుమంటోంది. అతను గోతి దగ్గరికి వెళ్ళలేదు. పక్కనున్న మట్టిదిబ్బ ఎక్కి, రెండు ఒడ్లూ కనబడేలా చూసుకుని, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"గెడ, చెక్క నీ వైపు. కొద్దిగా పైకి. చాలు. తాడు పట్టుకున్నవాళ్ళు నా వైపు చూడండి. డ్రమ్ము సంగతి నాకొదిలెయ్యండి. ఆ, రానీ. రానీ."

డ్రమ్ము చెక్క మీదికెక్కింది. ఎనిమిది జతల చేతులు కదులుతున్నాయి, ఒక్క గొంతు వినబడుతోంది. సరిగ్గా నడిమధ్యన చెక్క వంగి, డ్రమ్ము పక్కకి ఒరిగింది. అతని ఒళ్ళంతా ముందుకి వాలింది. దూకకండి సార్, దూకకండి, అని లోపలే అరిచాను.

"ఆపు," అన్నాడు. కాళ్ళు కదల్లేదు. "ఎవరూ వదలకండి. ఏమీ కాలేదు. గెడ, కుడికాలు వెనక్కి వేసి తాడు బిగించు. అంతే. అలాగే ఉండు. ఎడమవాళ్ళు కొద్దిగా వదలండి. నిలబడింది చూడండి. రానీ."

పద్దెనిమిదో నిమిషంలో డ్రమ్ము అవతలి ఒడ్డున దిగింది. మొదటిసారి కంటే ఆరు నిమిషాలు ఎక్కువే పట్టింది. ఈసారి భలే అన్నా అని ఎవరూ అనలేదు. ఎనిమిది మందీ బురద చేతులతో అతని వైపు తిరిగి, తర్వాత ఏం చెయ్యమంటావన్నట్టు నిలబడ్డారు. మేజర్ గారు కాగితం మీద ఏదో రాసుకుని, సరే, అని వెళ్ళిపోయారు. ఆయన నోటి వెంట సరే వచ్చిందంటే చాలు. నేను నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి మొహం కడుక్కున్నాను. ఎవరో అడిగితే, ఎండ ఎక్కువగా ఉందని చెప్పాను.

పదకొండో నెల చివర, కవాతు ముగిశాక, ఇంటివాళ్ళొచ్చి భుజాల మీద నక్షత్రాలు తొడిగారు. అతనికి ఒక భుజం భార్య, ఒక భుజం కూతురు. పాపకి భుజంపట్టీలో నక్షత్రం సూది దూరక కష్టపడుతుంటే అతని చెయ్యి సాయానికి లేచింది. "మీరు ఉండండి, దాన్నే పెట్టనివ్వండి," అంది భార్య. అతను చెయ్యి దించి, ఓపిగ్గా వంగి నిలబడ్డాడు. నక్షత్రం కాస్త వంకరగా పడింది. అతను సరిచేసుకోలేదు.

తర్వాత మా వంతు. డ్రిల్ మాస్టర్లమంతా మెట్ల కింద వరసలో నిలబడ్డాం. ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. అతను నా ముందుకి వచ్చి ఆగాడు. నా కళ్ళు అతని కుడిచేతి మీదే ఉన్నాయి. వేళ్ళు ఒక్కసారి కదిలాయి. నేను కావాలనే ఆలస్యం చేశాను. చెయ్యి లేవలేదు. ప్యాంటు కుట్టుకి ఆనించి అలాగే ఉంచాడు. అలా ఉంచడానికి అతనికి పదకొండు నెలలు పట్టింది, నాకు తెలుసు.

అప్పుడు నేను సెల్యూట్ చేశాను. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేలసార్లు చేశానో. చేతికి అంత ఇష్టంగా ఎప్పుడూ లేదు. అతను తిరిగి చేశాడు. తూకం వేసినట్టు ఉంది, ఒక్క వేలు తేడా లేదు.

పద్ధతి ప్రకారం ముందు చెయ్యి దించాల్సింది పైవాడు. అతను దించితేనే నేను దించాలి. అతను దించలేదు. ఒక క్షణం అయింది, రెండు అయ్యాయి. వెనకాల వరస ఆగిపోయింది. అయ్యో, మళ్ళీ మొదటికొచ్చాడే అనుకుని పెదవులు కదపకుండా గొణిగాను.

"సార్, ముందు మీరు దించాలి."

"తెలుసు మాస్టారూ," అన్నాడు, అంతే మెల్లగా. "ఇంకాసేపు ఉంచనివ్వండి."

ఉంచనిచ్చాను.