అక్క పెదవులు, అద్దె గొంతు

మొన్న సూర్యాపేట బస్టాండు ఎదుట చాయ తాగుతూ కూర్చున్న నాకు హైదరాబాదు నుంచి ఒక కుర్ర దర్శకుడు ఫోను చేశాడు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకున్న కథానాయికకు మన యాస నేర్పించాలట, పాతకాలపు ఆడవాళ్ల మాటలు రికార్డు చేసినవి నా దగ్గర ఉంటే పంపాలట. ఇప్పుడంతా ఈ యాసకే గిరాకీ సార్ అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సీరియళ్లలో మన మాట మాట్లాడేవాడు దొంగయినా అయి ఉండాలి, తాగుబోతయినా అయి ఉండాలి. ఏళ్ల తరబడి ఎవరెవరి దగ్గరో సహాయ దర్శకుడిగా చాకిరీ చేశాక నా చేతికంటూ ఒక సీరియల్ వచ్చినప్పుడు, ఆ పద్ధతి మార్చాలన్న పంతంతోనే యూనిట్‌నంతా మా ఊరు పెన్‌పహాడ్ తీసుకొచ్చి, కాలువ నీళ్ల కోసం అధికారిని నిలదీసే తల్లి వేషానికి మా అక్కను ఒప్పించాను. నాట్లేసే కూలీలను ముందుండి నడిపించే మనిషి, గొంతెత్తితే అవతలి గట్టు దాకా వినబడేది. నేను రాసిచ్చినవన్నీ పక్కన పెట్టి, "గా నీళ్లు మీ అయ్య జాగీరా సారూ? మా పొలం ఎండితే నువ్వొచ్చి బువ్వ పెడ్తవా?" అని ఆమె అడిగేసరికి, అధికారి వేషం కట్టిన మిర్యాలగూడ నాటకాలాయన తన మాట మరిచిపోయి తల దించుకున్నాడు. నేను తీసినవాటిలో మంచి షాటు అదొక్కటే.

షూటింగులో పట్టిన గొంతును గుర్తు కోసమే ఉంచుకుని, తర్వాత స్టూడియోలో డబ్బింగు చెప్పించి అతికించడం ఆనాటి రివాజు. అక్కే వచ్చి చెబుతుందంటే నిర్మాత సరేనన్నాడు. నేను కోదాడ వైపు మిగతా భాగాలు తీస్తూ ఉండగా, ఎవరికీ చెప్పకుండా ఆ పని ఇంకెవరితోనో కానిచ్చేశాడు.

ఆ భాగం ప్రసారమైన సాయంత్రం ఊళ్లో అందరితో పాటు టీవీ ముందు అక్క పక్కనే కూర్చున్నాను. తెర మీద ఆమె నోరు తెరవగానే ఏదో పట్నపు గొంతు, మా పొలాలు ఎండిపోతే మాకు అన్నం ఎవరు పెడతారండీ అంటూ వినయంగా పలికింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. "మూతి నాదే గని మాట నాది కాదు తమ్మీ. మరి నన్నెందుకు పిలిసినవ్?" అని అక్క లేచి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. పోయేదాకా మళ్లీ నా సీరియల్ ఒక్కటీ చూడలేదు.

నిర్మాతతో గొడవపడితే, అందరికీ అర్థం కావద్దా అన్నాడు, ఆ మీదట నన్నే తీసేశాడు. కనీసం షూటింగు టేపయినా ఇమ్మంటే, అది చెరిపేసి దాని మీద ఏదో వంటల కార్యక్రమం పట్టామన్నారు. తర్వాత చాలా తీశాను, కడుపు కోసం తీశాను, వాటి పేర్లు తలచుకోవడం కూడా నాకిష్టం లేదు.

ఆ కుర్రవాడికి పంపడానికి నా దగ్గర ఏముంది? ఆనాటి ముక్కను ఎవరో నెట్‌లో పెడితే మనవరాలు నా ఫోనులోకి దించి ఇచ్చింది. సౌండు పూర్తిగా తగ్గించి చూస్తాను. గొంతు మార్చగలిగారు గానీ పెదవులు మార్చలేకపోయారు, బువ్వ పెడ్తవా అన్నచోట అవి ఇప్పటికీ అలాగే కదులుతాయి. ఇవాళ మన మాటకు విలువొచ్చింది, నేర్పేవాళ్లను వెతుక్కుంటూ వస్తున్నారు, సంతోషించాలి కాబోలు. మా అక్క గొంతు మాత్రం ఆ పెదవులు చూసి నేను తలచుకుంటేనే వినబడుతుంది. నేను కూడా పోతే ఇక వినబడదు.